చెడుగుడు బరిలో 'మూల'

మనుషులకు వలెనే మాటలకు కూడా అదృష్టదురదృష్టాలు ఉంటవి. ఒకచోట పెద్దపీట వేయించుకొన్న మాట మరొకచోట గడప బయట నిలబడవలసి వస్తుంది. 'మూల' అన్న మన తెలుగు మాట ఇందుకు మంచి ఉదాహరణ. ఇంట్లో పనికిరాని సామానును మూలకు వేస్తాము. నడుమ ఆగిపోయిన పనిని మూలపడిందంటాము. బండి పోని పల్లెను మారుమూల పల్లె అంటాము. మాట చెల్లుబాటు కాని పెద్దవాళ్లు ఏదో ఒక మూల కూర్చొని రోజులు వెళ్లబుచ్చుతున్నారని జాలిపడతాము. ఇట్లా ఇంటా బయటా చిన్నబోయిన ఈ మాటకు పెద్దపీట వేసిన చోటు ఒకటి ఉన్నది. అది చెడుగుడు బరి. నేటివారు కబడ్డీ అంటున్న ఆ ఆటలో మూల నిలిచే ఆటగాడు జట్టుకు ఆయువుపట్టు. ఆ స్థానాన్ని ఇప్పుడు పల్లెపట్టుల్లో కూడా 'కార్నర్' అనే పిలుస్తున్నారు. ఈ మాటకు అర్థమేమి, దానిని వాడే తీరేమి, దానిని సరిగా గ్రహించకపోతే కలిగే నష్టమేమి అన్న విషయాలను నేడు శ్రోతలతో ముచ్చటించదలచినాము.

ఈ ఆలోచన మాకు కలగడానికి కారణం ఒక చిన్న సంఘటన. ఆదోనికీ ఎమ్మిగనూరుకూ నడుమ ఉన్న ఒక పల్లె పాఠశాలలో సాయంకాలం పిల్లలు చెడుగుడు ఆడుతుంటే చూస్తూ నిలబడినాము. డ్రిల్లు మాస్టరుగారు ఏడుగురిని ఏరి ఎవరి చోటు వారికి చూపిస్తున్నారు. అందరిలోకీ చురుకైన పిల్లవాడిని, కాళ్లు సన్నమైనా కన్ను నిలకడగా ఉన్నవాడిని, బరి వెనుక ఎడమవైపున నిలబెట్టినారు. ఆ పిల్లవాడి ముఖం వాడిపోయింది. "ఏం సార్, నన్ను మూలకేస్తిరే! నేనేం తప్పు చేస్తిని?" అన్నాడు. మాస్టరుగారు నవ్వి, "ఒరే, నిన్ను మూలకు వేయలేదురా, మూలలో నిలబెట్టినాను. ఆ రెండింటికీ తేడా ఆట అయినాక నువ్వే చెప్పు" అన్నారు. ఆటలో ఆ పిల్లవాడు ఎన్ని పట్లు పట్టినాడన్న లెక్క మాకిప్పుడు జ్ఞాపకం లేదు. ఆ ప్రశ్న, ఆ జవాబు మాత్రం మనస్సులో నిలిచిపోయినవి. తెలుగుమాటకు ఇంటిలో ఉన్న అర్థం ఆ పిల్లవాడిని నొప్పించింది. బరిలో ఉన్న అర్థం మాస్టరుగారికి తెలిసి ఉన్నది.

బరిలో ఉన్న ఆ అర్థమేమిటో తెలియాలంటే ముందు బరి తెలియవలె. శ్రోతలు ఒక దీర్ఘచతురస్రాన్ని మనస్సులో గీసుకొనవలె. పురుషుల పోటీలకు దాని పొడవు 13 మీటర్లు, వెడల్పు 10 మీటర్లు. స్త్రీలకు 12 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు. పొడవును సరిగా సగానికి కోస్తూ ఒక నడిగీత ఉంటుంది. దానికి అటొక జట్టు, ఇటొక జట్టు. పురుషుల బరిలో నడిగీతకు 3.75 మీటర్ల దూరాన ఒక గీత ఉన్నది. కూతకు వచ్చినవాడు ఎవరినీ తాకకపోయినా కనీసం ఆ గీతనైనా దాటి తిరిగి పోవలె. లేదా అతడు ఔట్ అయినట్లే. దానికి మరొక మీటరు వెనుక బోనస్ గీత. బోనస్ గీతకూ వెనుక హద్దుకూ నడుమ మిగిలేది 1.75 మీటర్లు మాత్రమే. ఇక రెండు ప్రక్కలా మీటరు వెడల్పున లాబీలు అనే పట్టీలు ఉంటవి. తాకిడి జరిగేవరకు వాటిలో అడుగు పెట్టరాదు. తాకిడి జరిగి పెనుగులాట మొదలైన తరువాత అవి కూడా బరిలో భాగమే అవుతవి.

ఈ సగం బరిలో ఏడుగురు నిలుస్తారు. రెండు చివరల ఇద్దరు కార్నర్లు. వారి ప్రక్కన ఇద్దరు 'ఇన్'లు. వారి ప్రక్కన ఇద్దరు 'కవర్'లు. నట్టనడుమ ఒక 'సెంటర్'. ఎడమనుండి కుడికి లెక్కపెడితే ఎడమ కార్నర్, ఎడమ ఇన్, ఎడమ కవర్, సెంటర్, కుడి కవర్, కుడి ఇన్, కుడి కార్నర్ అని వరుస. నిజానికి వీరు ఒకే గీతమీద నిలబడరు. విల్లు వంచినట్లు అర్ధచంద్రాకారంగా నిలుస్తారు. ఆ వింటికి రెండు కొనలు మన కార్నర్లు.

ఎడమ అంటే ఎవరికి ఎడమ అన్న సందేహం క్రొత్తవారికి తప్పక కలుగుతుంది. కూతగాడు ఎదురుగా వస్తాడు కనుక అతడి కుడిచేతి వైపున ఉన్నది ఈ జట్టుకు ఎడమ. ప్రేక్షకుడు ఏ ప్రక్క కూర్చుంటే ఆ ప్రక్కనుండి మరొక విధంగా కనిపిస్తుంది. ఈ తికమకకు సమాధానం మన తుంగభద్ర దగ్గరే ఉన్నది. నదికి ఎడమగట్టు, కుడిగట్టు అని చెప్పేటప్పుడు మనం ఏ ఒడ్డున నిలబడినామన్నది లెక్కలోనికి రాదు. నీరు పారే వైపు ముఖం పెట్టి చూచినప్పుడు ఎడమచేతి ప్రక్కన ఉన్నదే ఎడమగట్టు. ఆదోని, ఎమ్మిగనూరు సీమలకు నీరు తెచ్చే దిగువ కాలువ తుంగభద్ర కుడిగట్టునుండి బయలుదేరినదని రైతులందరికీ తెలుసు. దానిని ఎవరూ తమ ఇంటి గుమ్మం నుండి చూచి ఎడమ అనరు. అట్లే కబడ్డీలో కూడా, పట్టే జట్టు నడిగీతవైపు ముఖం పెట్టి నిలబడినప్పుడు వారికి ఎడమచేతి ప్రక్కన చివర ఉన్నవాడే ఎడమ కార్నర్. కూతగాడి చూపునుగాని, ప్రేక్షకుడి చూపునుగాని లెక్కింపరాదు. ఆటను వర్ణించేవారు, వార్తలు వ్రాసేవారు ఈ ఒక్క నియమం పాటిస్తే వినేవారికి తికమక ఉండదు.

'కార్నర్' అన్న మాట పుట్టుక కూడా ముచ్చటగా ఉంటుంది. లాటిన్ భాషలో కొమ్మును 'కోర్ను' అంటారు. ఆ కొమ్మే ఫ్రెంచి భాష ద్వారా ఇంగ్లీషులోనికి వచ్చి, మొనదేలిన చోటును చెప్పే 'కార్నర్' అయినది. అంటే ఆ మాట పుట్టుకలో పౌరుషమున్నది. కొమ్ము పశువుకు ఆయుధం కదా! మన 'మూల' సంగతి చూస్తే, సంస్కృతంలో మూలమంటే వేరు. తెలుగులో వాడే మూలధనం, మూలవిరాట్టు, మూలగ్రంథం అన్నవన్నీ ఆ వేరునుండి వచ్చినవే. ఇంటి మూల అన్న మాట దానితో పుట్టుకలో వేరైనా, చెవికి ఒకటిగానే వినబడుతుంది. కన్నడిగులు 'మూలె' అంటారు. ఆదోని అంగళ్లలో తెలుగు, కన్నడం, ఉర్దూ మూడూ కలిసి వినిపిస్తవి. ఉర్దూలో దీనిని 'కోనా' అంటారు. ఇన్ని మాటలు చేతిలో ఉండగా ఆటగాళ్లు మాత్రం కార్నర్ అన్నదానికే అలవాటుపడినారు.

తక్కిన ఆటలలో కూడా ఈ మాట ఉన్నది. ఫుట్‌బాల్‌లో కార్నర్ అంటే బంతిని పెట్టి తన్నే చోటు, ఆ తన్ను. హాకీలో పెనాల్టీ కార్నర్ అంటే ఒక అవకాశం. కుస్తీకి దగ్గర చుట్టమైన బాక్సింగ్‌లో కార్నర్ అంటే అలసినవాడు వచ్చి కూర్చొని నీరు త్రాగే చోటు. వీటన్నిటిలో కార్నర్ అనేది స్థలానికి పేరో, సందర్భానికి పేరో అయి ఉన్నది. కబడ్డీలో మాత్రం అది మనిషికి పేరు. 'అతడు ఆ జట్టు కార్నర్' అంటాము. చోటు పేరు మనిషిపేరు అయినదంటే, ఆ చోటుకు తగిన గుణం ఆ మనిషిలో ఉండవలెనన్న నియమం దానిలో ఇమిడి ఉన్నది.

ఆ గుణమేమి? కూతగాడికి ఉన్నది ముప్పయి సెకన్లు. ఆ వ్యవధిలో అతడు ఊపిరి విడువక 'కబడ్డీ' అంటూ ఎవరినైనా తాకి పోవలె, లేదా బోనస్ తెచ్చుకోవలె. ఎదుట ఆరుగురుగాని ఏడుగురుగాని ఉన్నప్పుడే బోనస్ దక్కుతుంది. అందుకోసం అతడు ఒక కాలు చాచి బోనస్ గీతకు ఆవల మోపవలె. రెండవ కాలు అప్పుడు నేలను తాకరాదు. ఆ క్షణంలో కూతగాడి బరువంతా ఒక్క కాలిమీద ఉంటుంది. ఆ కాలిని కాచుకొని ఉన్నవాడు కార్నర్. చాచిన కాలు నేల తాకిన రెప్పపాటులో వంగి, రెండు చేతులతో చీలమండను చిక్కించుకొని, తన వైపు లాగవలె. ఒక రెప్ప ముందు దూకితే కూతగాడు కాలు వెనుకకు తీసికొని తలమీద చేయి వేసి పోతాడు. ఒక రెప్ప ఆలస్యమైతే బోనస్ పోయింది. ఇట్లు తొందరకూ ఆలస్యానికీ నడుమ ఉన్న సన్నని దారిలో నడవగలవాడే కార్నర్.

చీలమండ పట్టు ఒక్కటే కాదు. తొడను రెండు చేతుల చుట్టి పట్టడం, వెనుకనుండి నడుమును పట్టడం కూడా మూలనున్నవాడి విద్యలే. కూతగాడు ఎడమ మూలమీద దృష్టి పెట్టినప్పుడు అతడి వెన్ను సహజంగా కుడి మూలవైపు తిరుగుతుంది. ఆ వేళకు కుడి కార్నర్ చప్పుడు కాకుండా ముందుకు జరిగి అతడు తిరిగిపోయే దారిని కుదించవలె. కనుక కూతగాడు తన మీదికి వచ్చినప్పుడు ఒక పని, తన నుండి దూరంగా పోయినప్పుడు మరొక పని కార్నర్‌కు ఉన్నవి. ఖాళీగా ఉండే క్షణం లేదు. జట్లు ఇద్దరిద్దరుగా చేతులు పట్టుకొని గొలుసు కట్టి నిలిచే పద్ధతి ఉన్నది కదా. అందులో చివరివాడు కనుక కార్నర్‌కు ఒక చేయి తోడువానితో ముడిపడి ఉంటుంది, మరొక చేయి స్వేచ్ఛగా ఉంటుంది. అతడికి ఒక ప్రక్క తనవారు, రెండవ ప్రక్క హద్దుగీత. తడబడి వెనుకకు రెండడుగులు వేసినా బరిదాటి పోతాడు. వెనుదీయడానికి చోటు లేని స్థానమది.

ఈ ఆటకు మన దేశంలో అనేక నామధేయాలు ఉండేవి. మనకు చెడుగుడు, తమిళులకు సడుగుడు, మహారాష్ట్రులకు హుతుతు, వంగదేశీయులకు హాడుడు. పట్టుబడినవాడు తిరిగి లేచే 'సంజీవని', లేవని 'గామిని', ఎవరూ బయటికి పోని 'అమర్' అన్న తీరులు ఉండేవి. 1936లో బెర్లిన్ ఒలింపిక్ క్రీడల సందర్భంగా అమరావతి పట్టణపు హనుమాన్ వ్యాయామ ప్రసారక మండలివారు ఈ ఆటను ప్రదర్శించి చూపినారు. ఈ అమరావతి విదర్భలోనిది. 1950లో అఖిల భారత కబడ్డీ సమాఖ్య ఏర్పడి నియమాలను ఒక త్రాటిమీదికి తెచ్చింది. 1990లో బీజింగ్ ఆసియా క్రీడలలో కబడ్డీకి పతక పోటీగా స్థానం లభించింది. స్త్రీల పోటీ 2010లో గ్వాంగ్‌జౌలో చేరింది. 2014లో ప్రో కబడ్డీ లీగు వచ్చి, ఈ ఆటను రాత్రివేళ ఇంటింటా దూరదర్శన యంత్రాలలో చూపనారంభించింది. కార్నర్, కవర్, రైడర్, బోనస్ అన్న మాటలు మన పల్లెపిల్లల నోట ఇంత సులువుగా పలుకుతున్నవంటే దానికి ఈ లీగు ముఖ్యకారణం. మట్టిబరిలో ఆడే పిల్లవాడు కూడా తాను ఏ స్థానంలో ఆడతాడో పేరుపెట్టి చెబుతున్నాడు.

ఇంగ్లీషు మాట వచ్చిందని మేము చింతించడం లేదు. కూత, పట్టు, బరి, గీత అన్న మన మాటలు కార్నర్‌తో కలిసి హాయిగానే కాపురం చేస్తున్నవి. అయితే ఒక సంగతి గమనింపదగినది. మాట మారినా మనస్సులో ఉన్న పాత అర్థం పోలేదు. నోటితో కార్నర్ అంటున్నా, మనస్సులో దానిని 'మూల' అనే తర్జుమా చేసుకొని, అది అంత ముఖ్యం కాని చోటని భావించేవారు ఇంకా ఉన్నారు. జట్టు కూర్చేటప్పుడు మొదట కూతగాళ్లను ఏరుకొంటారు. తరువాత ఒడ్డూ పొడుగూ ఉన్నవారిని నడుమ నిలుపుతారు. మిగిలినవారిని, అంటే ఎటూ పనికిరారనుకొన్నవారిని, రెండు కొనలకు నెట్టివేస్తారు. పల్లె పోటీలలో ఓడిపోయే జట్లను పరిశీలించి చూడండి. వాటిలో చాలవరకు కొనలు తెగి ఓడినవే ఉంటవి.

పెద్ద పోటీలలో ఈ పొరపాటు ఎవరూ చేయరు. 1990 నుండి 2014 వరకు ఆసియా క్రీడలలో పురుషుల కబడ్డీ స్వర్ణపతకం వరుసగా ఏడుసార్లు భారతదేశానికే దక్కింది. 2018లో జకార్తాలో సెమీఫైనల్‌లో ఇరాన్ జట్టు మనవారిని 27-18 తేడాతో ఓడించింది. చివరకు స్వర్ణం కూడా ఆ దేశమే తీసికొన్నది. ఆ జట్టులో ఎడమ కార్నర్‌గా పేరుపొందిన ఫజల్ అత్రాచలి ఉన్నాడు. మన లీగులో ఏళ్లతరబడి ఆడి, కూతగాళ్లకే చప్పట్లు కొట్టే అలవాటున్న ప్రేక్షకులచేత పట్టేవాడికి చప్పట్లు కొట్టించినవారిలో ఆయన ఒకడు. తెలుగు టైటాన్స్ జట్టుకు కొన్ని సీజన్లు ఎడమ కార్నర్‌గా ఆడిన విశాల్ భరద్వాజ్ చీలమండ పట్టును కూడా మన ప్రేక్షకులు మరచి ఉండరు. 2023లో హాంగ్‌జౌలో భారతదేశం పురుషుల, స్త్రీల స్వర్ణాలు రెండూ తిరిగి గెలుచుకొన్నది.

ఈ విషయం బోధపరచడానికి ఎమ్మిగనూరు వారికి జకార్తా దాకా పోవలసిన పని లేదు. 1938లో మాచాని సోమప్పగారి పూనికతో నేతగాళ్ల సహకార సంఘం వెలసిన ఊరది. అక్కడ మగ్గం ముందు కూర్చొన్న ఏ పెద్దమనిషిని అడిగినా చెబుతాడు, బట్టకు బలం ఎక్కడ ఉన్నదో. అంచు దగ్గర పడుగుపోగులు నడిమిభాగం కంటే ఒత్తుగా ఉంటవి. నేసేకొద్దీ బట్ట లోపలికి కుంచించుకుపోతుంది కనుక, రెండు అంచులకూ సూదిమొనలు గుచ్చి వెడల్పును నిలిపే కర్ర ఒకటి అడ్డంగా పెడతారు. ఆ కర్ర రెండు కొనలూ పట్టు విడిచినవంటే నడుమ ఎంత చక్కగా నేసినా బట్ట వంకర పోతుంది. కబడ్డీ బరిలో కార్నర్లు ఇద్దరూ ఆ కర్రకొనల వంటివారు. వారు నిలబడి ఉన్నంతసేపు జట్టు బరి వెడల్పంతా పరచుకొని ఉంటుంది. వారిలో ఒకడు ఔట్ అయి బయట కూర్చొంటే తక్కినవారందరూ ఆ ఖాళీవైపు జరుగుతారు. జరిగితే రెండవవైపు ఖాళీ అవుతుంది. ఆదోని వైపు రాతిగోడలు కట్టే పనివారి దగ్గర కూడా ఇదే నీతి కనిపిస్తుంది. చెక్కిన పెద్దరాళ్లను మొదట మూలలకు వేరుగా తీసిపెడతారు. నడుమ గోడకు చిన్నరాయి, గులకరాయి ఏదైనా ఇముడుతుంది. మూలకు మాత్రం మంచిరాయి కావలె. ఇంటి సామానును మూలకు వేసే మనమే ఇల్లు కట్టేటప్పుడు మూలకు మంచిరాయి వెదకుతున్నాము. కాబట్టి మన భాషలో కూడా మూలకు రెండు అర్థాలు ఉన్నవి. ఇల్లు కట్టేవాడి అర్థం ఒకటి, కట్టిన ఇంట్లో సామాను సర్దేవాడి అర్థం ఒకటి. ఆటకు పనికివచ్చేది మొదటిది.

ఇంతవరకు బరిలోని మూలను గురించి చెప్పినాము. ఇక ఈ సీమను గురించి కూడా ఒక మాట చెప్పక తప్పదు. మూల అన్నది గీతనుబట్టి ఏర్పడుతుంది. గీత జరిపితే మూల జరుగుతుంది. ఆదోని తాలూకా ఒకప్పుడు బళ్లారి జిల్లాలో ఉండేది. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్ర రాష్ట్రం అవతరించినప్పుడు ఆదోని, ఆలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలో చేరినవి. అంతవరకు బళ్లారికి తూర్పు ప్రక్కన ఉన్న భూమి ఆ రోజునుండి కర్నూలుకు పడమటి మూల అయినది. భూమి కదలలేదు, ఊరు కదలలేదు, గీత కదిలింది. 2022లో నంద్యాల జిల్లా వేరుపడినప్పుడు కూడా ఈ ప్రాంతం పడమటి కొనలోనే మిగిలింది. ఆదోని ప్రత్తి విపణికి ఎంత పేరున్నా, ఎమ్మిగనూరు మగ్గానికి ఎంత పేరున్నా, వాన తప్పిన ఏడు ఈ చుట్టుప్రక్కల పల్లెలు ఖాళీ అవుతవి. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు వంటి మండలాల నుండి కుటుంబాలు మూటాముల్లె సర్దుకొని గుంటూరు సీమ మిరపచేలకు, బెంగుళూరు కట్టడపు పనులకు తరలిపోవడం అందరూ ఎరిగినదే.

వలసకూ కబడ్డీకీ సంబంధమేమని శ్రోతలు అడుగవచ్చు. సంబంధమున్నది. కూత నేర్వడానికి ఒక్కడి ఊపిరి చాలు. కార్నర్ విద్య అట్లా ఒంటరిగా అబ్బదు. ప్రక్కనున్న 'ఇన్' ఆటగాడి చేతిలో చేయి వేసి నెలల తరబడి ఆడవలె. ఎప్పుడు తాను దూకితే అతడు కూడా దూకుతాడో, ఎప్పుడు అతడు చేయి నొక్కి ఆగమంటాడో మాట లేకుండా తెలియవలె. పంటకాలానికి ఆ ఇద్దరిలో ఒకడు తల్లిదండ్రుల వెంట మిరపచేలకు పోతే, మిగిలిన వాడి చేయి గాలిలో ఉండిపోతుంది. నాలుగు నెలల తరువాత అతడు తిరిగివచ్చేసరికి పాఠాలు వెనుకబడి ఉంటవి, ఆట వెనుకబడి ఉంటుంది. కొందరు తిరిగి బడికే రారు. మేము మొదట చెప్పిన పాఠశాలలో మరుసటి ఏడు మళ్లీ సాయంకాలం నిలబడి చూచినాము. ఆ పిల్లవాడు కనిపించలేదు. అడిగితే, "వాళ్లింటోళ్లంతా మిరపకాయలకు పోయినారు సార్" అని ఒక చిన్నవాడు చెప్పినాడు. ఎడమ మూలలో ఆ రోజు ఎవరినో నిలబెట్టినారు; అతడు రెండుసార్లు తొందరపడి దూకి రెండుసార్లూ ఔట్ అయినాడు. వాడి తప్పేమీ లేదు. ఆ చోటు వాడిది కాదు.

వలసపోయే కుటుంబాల పిల్లలు ఊరిలోనే ఉండి చదువుకొనేందుకు పాఠశాలలలో ఆ కాలానికి తాత్కాలిక వసతిగృహాలు నడిపే పద్ధతి ఒకటి ఉన్నది. అవి ఎక్కడ సరిగా నడిస్తే అక్కడ బడి హాజరుపట్టీ నిలుస్తుంది. సాయంకాలం ఆట కూడా నిలుస్తుంది. ఆ పిల్లలకు అన్నము, చాప, దీపముతోపాటు ఒక బరి గీసి ఇవ్వడం పెద్ద ఖర్చు కాదు. దానికి కావలసినవి కొంచెం మెత్తని మట్టి, గుప్పెడు సున్నం, చూచే పెద్ద ఒకరు. ఆడపిల్లలకు కూడా ఆ బరి కావలె. తల్లి వెంట పొలానికి పోవలసిన పిల్ల తోటి పిల్ల చేయి పట్టుకొని బరి కొనలో నిలబడడం నేర్చినదంటే, ఆ నిలకడ ఆమెకు ఆటతోనే తీరిపోదు.

మనవి చేయదలచిన సంగతి ఒక్కటే. పాఠశాలలలో, పల్లెలలో జట్లు కూర్చే పెద్దలు రెండు మూలలకు మొదట మనుషులను ఏరవలె. వేగం కంటే నిలకడ ఎక్కువగా ఉన్నవారిని, అరుపు కంటే చూపు ఎక్కువగా ఉన్నవారిని, తాను మెరవకపోయినా జట్టు నిలిస్తే చాలుననుకొనేవారిని ఆ స్థానానికి ఎంచుకొనవలె. ఎంచుకొన్న తరువాత ఎందుకు ఎంచుకొన్నామో ఆ పిల్లలకు నోరు తెరచి చెప్పవలె. చెప్పకపోతే వారు ఆ మాటకు ఇంటిలో విన్న అర్థమే చెప్పుకొని చిన్నబుచ్చుకొంటారు. కూతగాడు పాయింటు తెచ్చినప్పుడు కొట్టే చప్పట్లలో సగమైనా, ముప్పయి సెకన్లు కాచుకొని చీలమండ పట్టిన వాడికి దక్కవలె.

ఆ పిల్లవాడు ఈపాటికి మిరపచేలనుండి తిరిగివచ్చి ఉంటాడని, మళ్లీ బరి ఎడమ కొనలో నిలబడి ఉంటాడని మా ఆశ. అతడికి డ్రిల్లు మాస్టరుగారు వేసిన ప్రశ్నకు జవాబు ఇప్పుడు తెలిసే ఉంటుంది. మూలకు వేసిన వస్తువును ఎవరూ తిరిగి చూడరు. మూలలో నిలబెట్టినవాడు లేనిరోజున మాత్రం అందరి కళ్లూ ఆ ఖాళీమీదనే ఉంటవి.